35 దగ్గరే ఆగిన ముల్లు

బరువు తగ్గించే ఆపరేషన్ ఎవరికి చేయాలి, ఎవరికి వద్దనాలి అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఈసారి కారణం వారానికో ఇంజెక్షన్‌తో బరువు దించే మందులు. మందుండగా కోత దేనికని కొందరు అడుగుతున్నారు. అవసరమున్నవాళ్లే ఇప్పటికీ ఆపరేషన్ దాకా చేరలేకపోతున్నారని మరికొందరు అంటున్నారు. ఇద్దరి మాటల్లోనూ తిరిగే అంకె ఒకటే, బీఎంఐ 35. బీఎంఐ అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే తగాదా సగం అర్థమవుతుంది.

1950ల్లో పేగుల్ని కుదించి చేసిన తొలి ఆపరేషన్లు, వాటివల్ల కాలేయం చెడిపోయి, కిడ్నీల్లో రాళ్లు పడి రోగులు పడ్డ బాధలు చాలాసార్లు చెప్పుకున్నవే. అసలు మలుపు 1991 మార్చిలో వచ్చింది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ బెథెస్డాలో మూడు రోజులపాటు నిపుణుల్ని కూర్చోబెట్టింది. బీఎంఐ 40 దాటినవాళ్లకు ఆపరేషన్ ఆలోచించవచ్చని వాళ్లు తేల్చారు. 35కీ 40కీ మధ్య ఉన్నవాళ్లకైతే తీవ్రమైన షుగరో, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బో, అలాంటి ప్రమాదకరమైన సమస్య తోడై ఉండాలన్నారు.

ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అప్పట్లో ఈ ఆపరేషన్ అంటే పొట్ట నిలువునా కోయడమే. పొట్టను చిన్నది చేసి పేగుకు అతికే గ్యాస్ట్రిక్ బైపాస్‌ను చిన్న రంధ్రాల ద్వారా చేయడం గురించి వైద్య పత్రికల్లో తొలిసారి వచ్చింది 1994లో. అంత కోతకు, అంత రిస్కుకు తగ్గ జబ్బు ఉంటేనే చేయండి అనడం ఆ కాలానికి సబబే.

కానీ 1991లో ఆ నిపుణులు రాసిన పత్రంలో ఉన్నవి ఆ రెండు అంకెలే కాదు. మనిషికి తను ఏం చేయించుకుంటున్నాడో పూర్తిగా తెలిసుండాలని, ఫిజీషియన్, సర్జన్, మానసిక వైద్యుడు, పోషకాహార నిపుణుడు కలిసి చూసి నిర్ణయించాలని, ఆపరేషన్ తర్వాత జీవితాంతం వైద్యుల పర్యవేక్షణ ఉండాలని కూడా అందులో రాశారు. నా దృష్టిలో పత్రానికి ప్రాణం ఈ మాటలే. ఇవి ఫారంలో గడిగా మారవు, అంకె మారుతుంది. అందుకే ఇన్సూరెన్స్ కంపెనీలు అంకెను పట్టుకున్నాయి, మిగతాది పక్కన పడింది. ఒక కాలపు ఆపరేషన్ కోసం రాసిన అంకె ముప్పై ఏళ్లు గేటు దగ్గర కాపలా కాసింది.

ఆ గేటు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక స్త్రీ చెప్పులు విప్పి తూకం మీద నిలబడుతుంది. 90 కిలోలుంటే ఆమె బీఎంఐ 35.2. 89 ఉంటే 34.8. షుగర్ అదే, మోకాళ్ల నొప్పి అదే, రాత్రంతా నోరు తెరుచుకుని పడే గురక అదే. ఒక్క కిలో తేడాతో ఫైలు కదులుతుంది, లేదా ఆగిపోతుంది. కొన్ని పాలసీలు ముందు ఆరు నెలలు డైటీషియన్ దగ్గర డైట్ చేసి చూపించమంటాయి. బుద్ధిగా చేసి నాలుగు కిలోలు తగ్గినవాళ్లకు ఇప్పుడు మీరు అర్హులు కారనే జవాబు రావచ్చు. గీత దాటడం కోసం కావాలని బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఇంతకీ ఆ గీత నిజంగా ఏమైనా కొలుస్తుందా? స్వీడన్‌లో స్థూలకాయుల మీద 1987లో మొదలైన ఎస్ఓఎస్ అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, చేయించుకోని 2,037 మందిని ఏళ్ల తరబడి వెంబడించింది. ఆపరేషన్ అయినవాళ్లలో మరణాలు తక్కువని 2007లో తేలింది. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 2012లో వాళ్లు గుండెజబ్బుల లెక్కలు తీసినప్పుడు బయటపడిన సంగతి. మొదట్లో బీఎంఐ ఎక్కువున్నంత మాత్రాన లాభం ఎక్కువగా లేదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువున్నవాళ్లకే మేలు ఎక్కువ కనిపించింది. అంటే గేటు దగ్గర అడుగుతున్న ప్రశ్నే వేరు, మేలు దాగున్న చోటు వేరు.

మేలు ఒక్క బరువులోనే లేదన్న జాడ అప్పటికి పదిహేడేళ్ల ముందే కనబడింది. 1995లో అమెరికన్ సర్జన్ వాల్టర్ పోరీస్ బృందం 608 మంది గ్యాస్ట్రిక్ బైపాస్ రోగుల వివరాలు ప్రచురించింది. వాళ్లలో షుగర్ ఉన్న 146 మందిలో 121 మందికి అది మామూలు స్థాయికి వచ్చి, అలాగే నిలబడింది. బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, రోజుల వ్యవధిలోనే షుగర్ దిగడం డాక్టర్లను ఆశ్చర్యపరిచింది.

అంకెతో ఇంకో చిక్కుంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కన వేశారు. ఒకరు మన దేశానికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా జనాభాకు ముప్పు తక్కువ బీఎంఐ దగ్గరే మొదలవుతుందని, 27.5ను ఎక్కువ ముప్పుకు గుర్తుగా చూడవచ్చని చెప్పారు. అయినా గేటు దగ్గరి అంకె కదల్లేదు.

కదిలింది 2022లో. బేరియాట్రిక్ సర్జన్ల అమెరికన్ సొసైటీ, అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్సో కలిసి 1991 మాటను పక్కనపెట్టాయి. 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు. 30 నుంచి 34.9 మధ్య షుగర్ లాంటి జబ్బుంటే ఆలోచించాలి. ఆసియా జనాభాకు 27.5 నుంచే. వయసుకు పై హద్దు లేదు. చాలా పాలసీల్లో మాత్రం ఇప్పటికీ పాత అంకెలే ఉన్నాయి.

దీన్ని ఒప్పుకోనివాళ్లు ఒక మాటంటారు: ఆపరేషన్ చేసేవాళ్లే ఆపరేషన్ పరిధి పెంచుకున్నారని. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. మళ్లీ బరువు పెరగడం, విటమిన్లు, ఐరన్ తగ్గిపోవడం కూడా నిజాలే. అయితే వీటికి జవాబు అంకెను బిగించడంలో లేదు, మనిషిని దగ్గరగా చూడటంలో ఉంది. సిగరెట్ తాగేవాళ్లకు బైపాస్ తర్వాత అతుకు దగ్గర పుండ్లు పడతాయి. బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది, రెండో ఏడాదికి తాగుడు సమస్య పెరిగినట్టు 2012లో అమెరికన్ అధ్యయనం చూపింది. గుండెల్లో మంట ఎక్కువున్నవాళ్లకు పొట్టలో చాలా భాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేస్తే అది ముదరవచ్చు. ఏడాదిలోపు బిడ్డ కావాలనుకునే స్త్రీని ఆగమనాలి. దుఃఖం వస్తే తిండి మీద పడే మనిషికి ముందు ఆ దుఃఖం సంగతి చూడాలి. రోజూ మాత్రలు వేసుకుంటారా, రక్తపరీక్షలకు ఏటా వస్తారా అన్నది తూకం చెప్పలేదు. ఎదురుగా కూర్చుని అడగాలి, జవాబు వినే ఓపిక ఉండాలి.

2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా బీఎంఐ ఒక్కదాన్నే నమ్మొద్దని, నడుము కొలత లాంటివీ చూసి, స్థూలకాయం వల్ల అవయవాలు దెబ్బతిన్నాయా లేదా అన్నదాన్ని బట్టి రెండు రకాలుగా విడదీయాలని చెప్పింది.

ఈలోగా ఇంజెక్షన్లు కొత్త చిక్కు తెచ్చాయి. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ మానేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు పరీక్షల్లో తేలింది. 37 బీఎంఐతో ఇంజెక్షన్ మొదలుపెట్టి 33కు దిగిన మనిషి, ఖర్చు భరించలేకో వాంతులు తట్టుకోలేకో మందు మానేసి ఆపరేషన్ అడుగుతాడు. ఫారంలో ఏ అంకె రాయాలి, మందుకు ముందుదా, ఇవాళ్టిదా? 1991లో కూర్చున్నవాళ్ల ముందు ఈ ప్రశ్న లేదు.