బండ్లు ఓడలెక్కిన రోజులు

సిరోంచ

బుజ్జీకి, చిన్నోడికి,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న మీరు పంపిన ఫోటో చూశాను. పుణెలో మీ కాలనీ గేటు దగ్గర ఎవరో నిలిపిన ఎలక్ట్రిక్ లూనా మోపెడ్. "అమ్మమ్మా, ఇది నీ లూనాకు మనవరాలు" అని కింద రాశారు. 2024లో లూనాను కరెంటు బండిగా మళ్లీ తెచ్చారని విన్నాను గానీ చూడటం అదే మొదలు. ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసుకున్నాను. ఆ రాత్రి చిన్నోడు ఫోన్లో అడిగాడు, "నీకున్న బండ్లన్నిట్లో ఏది ఎక్కువ ఇష్టం?" అని. ఒక్క మాటలో చెప్పేది కాదు, రాసి పంపుతానన్నాను. ఇదిగో, రాస్తున్నాను.

ముందు మన ఊరి సంగతి తెలియాలి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఎడమ ఒడ్డున మన సిరోంచ, కుడి ఒడ్డున కాళేశ్వరం. ఈ ఒడ్డు మహారాష్ట్ర. ఆ ఒడ్డు అప్పుడు ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మన జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే అల్లపల్లి మీదుగా అడవి దారిన రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. నది దాటితే మాత్రం మేనమామలు, పెళ్లి సంబంధాలు, బట్టల కొట్లు, పెద్దాసుపత్రులు అన్నీ ఆ ఒడ్డునే. 2016లో వంతెన తెరిచేదాకా అటు పోవాలన్నా ఇటు రావాలన్నా పడవే దిక్కు. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఇసుకలో నడిచి, మిగిలిన పాయను దాటేవాళ్లం.

బండ్లు ఓడలవుతాయి, ఓడలు బండ్లవుతాయి అని పెద్దలంటారు. మీకది సామెత. మాకు రేవులో రోజూ కనిపించే పని. అందుకే నా బండ్లను తలుచుకుంటే అవి రోడ్డు మీద ఎలా పరుగెత్తాయన్నది తర్వాత గుర్తొస్తుంది. నది ఎలా దాటాయన్నదే ముందు గుర్తొస్తుంది.

మొదటిది మా బాపు, అంటే మా నాన్న, కచ్చరం. కచ్చరం అంటే మనుషులు ఎక్కి పోవడానికి చేసిన ఎడ్లబండి. పైన గుడిసెలా వెదురు తడక గూడు, లోపల గడ్డి పరిచి దాని మీద గొంగడి. మేనమామ పెళ్లికి మేము దాంట్లోనే పోయాం. వేసవి కాబట్టి నీళ్లు చక్రం కుండ దాకా వచ్చాయి. ఎడ్లు ముక్కులు పైకెత్తి దాటాయి. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను ఒళ్లో పెట్టుకుని గోదారమ్మకు పసుపు కుంకుమ వేసింది.

ఆ చక్రానికి ఇనుప పట్టా ఎలా ఎక్కిస్తారో మీరెవరూ చూసి ఉండరు. చక్రం ఆకులు తుమ్మకర్రవి. కర్ర చక్రం చుట్టుకొలత కంటే ఇనుప పట్టా చుట్టుకొలత కావాలనే కొంచెం తక్కువ ఉంచుతారు. చల్లగా ఉన్నప్పుడు అది చక్రానికి పట్టదు. కమ్మరాయన పట్టాను నేల మీద పెట్టి చుట్టూ పిడకలు పేర్చి నిప్పంటిస్తాడు. ఇనుము ఎర్రబడితే సాగుతుంది. అప్పుడు నలుగురు పట్టకార్లతో దాన్ని లేపి చక్రం మీద దించుతారు. కర్ర కాలి పొగ లేస్తుంది. ఆ పొగలోనే గబగబా బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. చుయ్యిమని ఆవిరి వచ్చి, ఇనుము బిగుసుకుని, ఆకులన్నీ కిర్రుమని కుండలోకి దిగుతాయి. ఒక్క మేకు లేకుండా ఆ పట్టా ఏళ్ల తరబడి నిలుస్తుంది. బుజ్జీ, నువ్వు సైన్సులో చదివిన వ్యాకోచం, సంకోచం ఇవే. నేను ముందు పిడకల మంట దగ్గర చూశాను, పుస్తకంలో చాలా ఏళ్లకు చదివాను. ఇరుసుకు కందెన పూసే పని నాది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపితే అదే కందెన. ఆ నల్ల మరకలు లంగాకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోయేవి కావు.

తర్వాత నాకు నర్సు ఉద్యోగం వచ్చాక ఒక లేడీస్ సైకిల్ కొన్నాను. దాని గురించి ఎక్కువ చెప్పను. మంచి సైకిలే. నది దాటేటప్పుడు పడవ అంచుకు ఆనించి చేత్తో పట్టుకుంటే చాలు. టికెట్టు కూడా అడిగేవాళ్లు కాదు.

మీ తాతది బజాజ్ చేతక్. రాణాప్రతాప్ గుర్రం పేరు పెట్టారని బడిలో పిల్లలకు తాత గర్వంగా చెప్పేవాడు. ఆ రోజుల్లో స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. అది వచ్చిన రోజు వీధంతా మా వాకిట్లోనే ఉంది. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే తాత దాన్ని ఒక పక్కకు వంచి, పెట్రోలు కార్బొరేటర్లోకి దిగేదాకా ఒక నిమిషం ఆగి, అప్పుడు కిక్ కొట్టేవాడు. మీ అమ్మకు చిన్నప్పుడు అదొక ఆట. "బాపూ, బండికి నీళ్లు తాపు" అనేది. కానీ పడవెక్కించడం మాత్రం పెద్ద పని. చేతక్‌లో ఇంజన్ కుడి పక్కన ఉంటుంది, బరువంతా అటే లాగుతుంది. మా పడవ నడిపే కాక, అంటే బాబాయి వరసాయన, దాన్ని నిలబెట్టే తీరు వేరు. ఇంజన్ ఉన్న పక్క పడవ నడుముకు రావాలి, ఖాళీ పక్క అంచుకు ఉండాలి. అటూ ఇటూ అయితే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. చదువుకోని మనిషి, తూకం అంత కచ్చితంగా చూసేవాడు. స్కూటర్ ఎక్కించాక నలుగురిని ఇటు, ఇద్దరిని అటు కూర్చోబెట్టేవాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పాలి, సర్పంచైనా వినాల్సిందే.

ఇక నా లూనా.

1993లో కొన్నాను. మన మహారాష్ట్ర కంపెనీ కైనెటిక్ 1972లో మొదలుపెట్టిన బండి అది. యాభై సీసీల చిన్న ఇంజన్. సైకిల్‌కు ఉన్నట్టే పెడళ్లు ఉంటాయి. పెడల్ తొక్కితే స్టార్ట్ అవుతుంది. పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. గేర్లు లేవు, క్లచ్ నొక్కే పని లేదు, చీర కట్టుకుని హాయిగా నడపొచ్చు. మా ఆరోగ్య ఉపకేంద్రం కింద ఉన్న ఊళ్లన్నీ అప్పటిదాకా సైకిల్ మీద, కాలినడకన తిరిగాను. లూనా వచ్చాక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. మీ అమ్మ అప్పుడు మూడో తరగతి. లూనా చప్పుడు వీధి మొగదల వినబడగానే తలుపు తీసేది.

దాంట్లో పెట్రోలు ఒక్కటే పోయకూడదు, ఆయిల్ కలిపి పోయాలి. ఎందుకో చెబుతాను. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌కు కారుకున్నట్టు అడుగున ఆయిల్ ఉండదు. లోపలి భాగాలకు తడి అందాలంటే పెట్రోలుతో పాటే ఆయిల్ లోపలికి పోవాలి. తక్కువైతే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ వచ్చి ప్లగ్గుకు మసి పడుతుంది, నిప్పు రవ్వ పుట్టదు. అందుకే నా సంచిలో ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి. ప్లగ్గు పానా, ఉప్పు కాగితం ముక్క, పాత గుడ్డ.

1995 డిసెంబర్ 9 నాకు బాగా గుర్తు. దేశమంతా మొదటి పల్స్ పోలియో రోజు. తెల్లవారుజామున ఆరోగ్య కేంద్రంలో నీలం పెట్టె తీసుకున్నాను. అందులో నాలుగు పక్కలా నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో చుక్కల మందు సీసాలు. టీకాలన్నిట్లోనూ వేడికి తొందరగా పాడయ్యేది పోలియో చుక్కలే. చల్లదనం తగ్గితే మందు పేరుకే మిగులుతుంది. పెట్టెను లూనా వెనక పాత సైకిల్ ట్యూబుతో బిగించి కట్టాను. దూరం పోవాలి కదా, ఇంజన్‌కు మంచిదని ముందు రోజు సాయంత్రం ఆయిల్ ఒక మూత ఎక్కువ పోశాను. అదే తప్పయింది. వాగు దాటి అడవిలోకి పోయాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ముందూ వెనకా మనిషి లేడు. టేకు ఆకులు రాలే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పెట్టెకు ఎండ తగలకుండా చెట్టు నీడన పెట్టి, నా శాలువా కప్పాను. ప్లగ్గు విప్పితే కొస అంతా నల్లగా, జిడ్డుగా ఉంది. ఉప్పు కాగితంతో గీకి, గుడ్డతో తుడిచి, రెండు కొసల మధ్య సందులో ఉన్న మసి గోరుతో తీశాను. ప్లగ్గును వైరుకు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి, ఇంకో చేత్తో పెడల్ తిప్పి చూశాను. మొదట ఏమీ లేదు. మళ్లీ గీకాను. ఈసారి టిక్కుమని చిన్న నీలం రవ్వ కనిపించింది. అంత చిన్న వెలుగు చూసి అంత సంతోషపడటం నాకు మళ్లీ జరగలేదు. ప్లగ్గు బిగించి తొక్కితే స్టార్ట్ అయింది. ఊరికి చేరేసరికి తల్లులు బడి అరుగు మీద పిల్లల్ని ఎత్తుకుని ఎదురు చూస్తున్నారు. "నర్సుబాయి వచ్చింది" అని పిల్లలు కేకలు వేశారు. పెట్టె మూత తీస్తే లోపల ఐస్ ఇంకా గట్టిగానే ఉంది.

2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ (వైల్డ్ పోలియో) ఒక్కరికీ సోకలేదు. 2014 మార్చిలో మన దేశం పోలియో లేని దేశమని ప్రకటించారు. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు నేను లేచి పెరట్లోకి వెళ్లి లూనా సీటు మీద దుమ్ము తుడిచాను.

అది నదిలో కూడా మునిగింది. మా అవ్వకు ఒంట్లో బాగాలేదని కబురు వస్తే బయలుదేరాను. అప్పటికి మా తమ్ముడు అవ్వను చూసుకుంటూ ఆ ఒడ్డున ఉండేవాడు. లూనా తేలిక కాబట్టి ఇద్దరు మనుషులు ఎత్తితే పడవలో పడుతుంది. పెట్రోలు కారకుండా ట్యాంకు కుళాయి కట్టేసి, పడుకోబెట్టి తీసుకుపోతారు. కాళేశ్వరం రేవులో దించుతుంటే పలక తడిగా ఉండి కాలు జారింది. బండి నీళ్లలోకి పోయింది. లోతు లేదు గానీ మొత్తం మునిగింది. నేను ఏడ్చేశాను. బండి కోసం కాదు, అవ్వ దగ్గరికి ఎలా పోవాలన్న టెన్షన్‌తో. పడవ కాక "ఏడవకు బిడ్డా, నీళ్లు పోయినదారినే బయటికొస్తయ్" అన్నాడు. ఆయనే పైకి లాగించాడు. ప్లగ్గు తీసి, బండిని తలకిందులుగా పట్టి, పెడళ్లు తిప్పమన్నాడు. ప్లగ్గు బొక్కలోంచి నీళ్లు ఫౌంటెన్‌లా చిమ్మాయి. చిమ్మడం ఆగేదాకా తిప్పాం. ట్యాంకులో నీళ్లు కలిసిన పెట్రోలు పారబోసి, కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పి తుడిచి, ప్లగ్గును టీ కొట్టు పొయ్యి దగ్గర ఆరబెట్టాం. కొత్త పెట్రోలు పోశాక గంటన్నరకు ఇంజన్ పలికింది. చీకటి పడకముందే అవ్వ మంచం దగ్గర కూర్చున్నాను. ఆమె నా చేతులు పట్టుకుని వాసన చూసి, "కందెన పూసి వచ్చినవా" అంది. ఆయిల్ వాసన ఆమెకు మా కచ్చరాన్ని గుర్తు చేసినట్టుంది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాటల్లో అదొకటి.

2016లో నాకు రిటైర్మెంట్, నదికి వంతెన, రెండూ ఒకే ఏడాది వచ్చాయి. మీ మామయ్య కారు మరుసటి ఏడాది కొన్నాడు. ఏసీ ఉంది, మెత్తగా పోతుంది, నాకు మోకాళ్ల నొప్పి కాబట్టి దాని మేలు నేను కాదనను. కానీ అది పడవెక్కలేదు. మా ఎంహెచ్ 33 నంబరు ఎప్పుడూ అదే. ఎదుటి ఒడ్డు బండ్ల మీద మాత్రం ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. వంతెన మీద పోతున్నప్పుడు ఆ పలకలు చూస్తూ ఉంటాను.

చిన్నోడా, నీ ప్రశ్నకు జవాబు నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వేసవి సెలవులకు వస్తారు కదా. లూనా పశువుల కొట్టంలో గోనెపట్టా కింద ఉంది. ట్యాంకు ఖాళీ చేసి పెట్టాను, టైర్లు రెండూ మార్పించాలి. కొత్త ప్లగ్గు తెప్పించాను గానీ ముందు పాతదాన్ని విప్పి చూద్దాం. పానా దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక ఉంటుంది. ఉప్పు కాగితం నేను కొనలేదు, వచ్చేటప్పుడు మీరే ఒక షీటు తీసుకురండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ