గీత దాటితే పరాసు రాజ్యం: యానాం ఆంధ్రాలో ఎందుకు కలవలేదు

కాకినాడలో అమలాపురం బస్సెక్కండి. తాళ్లరేవు దాటిన కాసేపటికి రోడ్డు పక్కన ఆగి ఉన్న బళ్ల నంబరు ప్లేట్లు మారతాయి. ఏపీ పోయి పీవై 04 వస్తుంది. బ్రాందీ షాపులు ఉన్నట్టుండి ఎక్కువవుతాయి. మాట మారదు, యాస మారదు, బస్సులో ఎవరూ తల తిప్పి కూడా చూడరు. ఊరి చివర గౌతమి మీద వంతెన దాటి యెదుర్లంకలో దిగితే మళ్లీ ఆంధ్రా. మధ్యలో దాటింది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం.

ఆ ఊరికి ఉత్తరం రాస్తే పిన్ కోడ్ 533464, అంటే గోదావరి జిల్లాల వరసే. ఫోన్ కోడ్ 0884, అది కాకినాడదే. తపాలా వాళ్ల లెక్కలో యానాం ఆంధ్రా ఊరు, రవాణా వాళ్ల లెక్కలో పుదుచ్చేరి ఊరు. మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. రాజధాని 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. హైకోర్టుకు వెళ్లాలంటే చెన్నై రైలెక్కాలి.

ఎందుకిలా అని అడిగితే 'ఫ్రెంచివాళ్లది కదండీ' అంటారు. అది సగం జవాబే. కలకత్తా పక్కన చందర్‌నగర్ కూడా ఫ్రెంచివాళ్లదే. అది ఇవాళ పశ్చిమ బెంగాల్లో మామూలు ఊరు. మన బందరులో ఫ్రెంచిపేట కూడా వాళ్లదే, 1947 అక్టోబరులో చడీచప్పుడు లేకుండా భారతదేశానికి ఇచ్చేశారు. యానాం మాత్రం ఇలా ఎందుకు మిగిలిపోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఇది బట్టల బేరం. గోదావరి లంకల్లో, డెల్టా ఊళ్లలో నేసిన సన్న బట్టకు ఐరోపాలో మంచి గిరాకీ ఉండేది. పక్కనే కోరంగి రేవు, ఓడలు బాగుచేసుకునే చోటు. యానానికి కూతవేటు దూరంలో ఇంజరంలో ఇంగ్లిషువాళ్ల కొట్టు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ల కొట్టు. తెలుగువాళ్లు డచ్చివాళ్లను వలందులని, ఫ్రెంచివాళ్లను పరాసులని అనేవారు. పరాసులు 1723లో యానాంలో దిగారు. బేరం గిట్టక 1727లో మూసేసి పోయారు. 1731లో మళ్లీ వచ్చారు. మూడు దేశాల కొట్లు ఒకే కాలువల వెంట, ఒకే సాలెవాళ్లకు బయానాలిస్తూ పోటీపడ్డాయన్నమాట.

తర్వాత వ్యాపారం కాస్తా రాజ్యమైంది. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగు ఉత్తర సర్కార్లను, అంటే ఈ తీర జిల్లాలను, ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో పెట్టాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పడ్డ బూసీ దొర ఇతనే. అప్పుడు అడిగితే ఈ తీరమంతా పరాసులదే అనేవారు. రెండేళ్లు తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లిషు కర్నల్ ఫోర్డు, విజయనగరం రాజు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించారు. 1759 ఏప్రిల్లో బందరు కోట కూడా పోయింది.

ఆ పైన ఐరోపాలో ఫ్రాన్స్, ఇంగ్లండు కొట్టుకున్నప్పుడల్లా ఇక్కడ యానాం చేతులు మారేది. సంధి కుదిరితే తిరిగి వచ్చేది. నెపోలియన్ పని అయిపోయాక 1814 పారిస్ సంధిలో ఇంగ్లిషువాళ్లు ఈ ముక్కలన్నీ తిరిగిచ్చేశారు, షరతులు పెట్టి మరీ. కోటలు కట్టకూడదు, పోలీసు పనికి చాలినంత మందిని తప్ప సైన్యాన్ని పెట్టకూడదు. మరుసటి ఏడాది ఇంకో ఒప్పందం. ఫ్రెంచి ప్రాంతాలు తమ ఉప్పు హక్కును వదులుకుంటే ఇంగ్లిషువాళ్లు ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు కడతారు. కోరలు పీకిన పాము కాబట్టే బ్రిటిష్ రాజ్యం నడుమ యానాం నిశ్చింతగా బతికిందని నా లెక్క. ఎవరికీ అడ్డం కాని దాన్ని ఎవరు మాత్రం పీకేస్తారు?

బట్టల వ్యాపారం మాంచెస్టర్ దెబ్బకు చచ్చిపోయాక యానాం నుంచి ఎగుమతి అయింది మనుషులు. 1828లో రీయూనియన్ దీవి చెరకు తోటలకు ఇక్కడినుంచి తెలుగు కూలీలను ఓడెక్కించారు. పక్కనే కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లినవాళ్లకు అక్కడ 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది.

ఒక విచిత్రం చెప్పాలి. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా పారిస్ పార్లమెంటుకు తన ప్రతినిధిని పంపుతూ వచ్చింది. 1880లో మునిసిపాలిటీలు, వాటికి ఎన్నికలు వచ్చాయి. కాకినాడలో పెద్ద లాయరుకు కూడా చట్టసభకు ఓటు లేని రోజుల్లో యానాంలో మామూలు మగవాడికి ఓటుంది. ఆ ఎన్నికలు దొంగ ఓట్లకు, దౌర్జన్యానికి పేరుబడ్డవి, గొప్పగా చెప్పుకోవడానికి లేదు. అయినా ఓటంటూ ఉంది.

గోదావరి జిల్లాల వాళ్లకు మాత్రం యానాం అంటే ఓటు గుర్తుకు రాదు, పెళ్లి గుర్తుకొస్తుంది. 1929 సెప్టెంబరులో శారదా చట్టం పాసైంది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే పెద్దవాళ్లకు నెల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. అమలు తేదీ 1930 ఏప్రిల్ 1. ఆలోగా దేశమంతా పందిళ్లే పందిళ్లు. తేదీ దాటిపోయాక ఏం చేయాలి? చట్టం బ్రిటిష్ ఇండియాకే కదా. గీత దాటితే పరాసు రాజ్యం, అక్కడ ఈ చట్టం లేదు.

అంతే, పెళ్లివారు బళ్లు కట్టుకుని, పడవలెక్కి యానాం బాట పట్టారు. వియ్యాలవారు, పురోహితుడు, మేళం, వంటవాళ్లు, ఒళ్లో నిద్రపోతున్న పెళ్లికూతురు. ముహూర్తం వేళకు పిల్లను లేపి తాళి కట్టించడం, తెల్లారి మళ్లీ బండెక్కి ఇంగ్లిషు రాజ్యంలోకి రావడం. యానానికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది. నిజానికి చట్టం అంత భయపడాల్సినదేమీ కాదు. జరిగిపోయిన పెళ్లి చెల్లదని అది అనలేదు. ఏడాదిలోపు ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కేసు. కానీ ఊళ్లో పాలివాళ్లతో తగాదా ఉన్నవాడికి ఆ 'ఎవరైనా' ఎవరో బాగా తెలుసు. ఆ టెన్షన్ ఎందుకని యానాం దారి పట్టేవారు. వీరేశలింగం పంతులు బాల్యవివాహాల మీద జీవితమంతా పోరాడిన రాజమండ్రికి ఈ ఊరు ఒక పూట ప్రయాణమే.

పెళ్లిళ్లతో యానాంలో వ్యాపారం పెరిగింది. మంగళవారం సంతకు చుట్టుపక్కల బ్రిటిష్ ఊళ్లనుంచి జనం వచ్చి విదేశీ సరుకు కొనుక్కుపోయేవారు. పన్ను తేడా ఉన్నచోట దొంగరవాణా ఉంటుంది, యానాం ఏమీ మినహాయింపు కాదు. బట్ట పోయింది, కూలీల ఓడలు పోయాయి, చివరికి ఊరికి మిగిలిన పంట ఆ సరిహద్దు గీతే. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

1947లో ఇంగ్లిషువాళ్లు పోయారు, ఫ్రెంచివాళ్లు ఉండిపోయారు. 1948 జూన్‌లో భారత్, ఫ్రాన్స్ ఒక మాట అనుకున్నాయి: ఎక్కడివాళ్ల భవిష్యత్తు అక్కడివాళ్లే ఓటేసి తేల్చుకోవాలి. చందర్‌నగర్ 1949 జూన్ 19న ఓటేసింది. భారత్‌లో కలవాలని 7,473 మంది, వద్దని 114 మంది. అక్కడికి అది తేలిపోయింది. 1951లో దానికొక్కదానికే విడిగా ఒప్పందం రాసుకున్నారు, 1954 అక్టోబరులో బెంగాల్లో కలిపేశారు.

మిగతా నాలుగు చోట్ల, అంటే పాండిచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంలలో ఆ ఓటింగు జరగనే లేదు. ఎన్నికలు ఎలా జరపాలన్న దగ్గరే పేచీ. చుట్టూ భారత ప్రభుత్వం కస్టమ్స్ కాపలా బిగించింది. పన్నులేని సరుకు మీద బతికే ఊళ్లకు అది పీక మీద కాలు పెట్టినట్టే.

1954 వేసవిలో అటు ఇండోచైనాలో డియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం చిత్తుగా ఓడింది. ఎక్కడో వియత్నాం కొండల్లో జరిగిన యుద్ధానికి, గౌతమి ఒడ్డుకు సంబంధమేమిటని అనిపించవచ్చు. పారిస్‌లో ప్రభుత్వం పడిపోయి, వలసల గొడవలు త్వరగా వదిలించుకుందామనుకునే మెండెస్ ఫ్రాన్స్ అనే ఆయన ప్రధాని అయ్యాడు. ఆయన పదవిలోకి రావడానికి కొద్ది రోజుల ముందే, జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంలోకి నడిచి వచ్చి పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. రమణయ్య యానాం మనిషే. ఆ నాలుగింటిలో ముందు తెగిపడ్డ కొమ్మ యానామే, మాహే నుంచి ఫ్రెంచివాళ్లు వెళ్లింది జూలై 16న.

అక్టోబరు 18న పాండిచ్చేరి శివార్లలో కీళూరులో ఓటింగు పెట్టారు. మామూలు జనం కాదు, ఎన్నికైన ప్రతినిధులు మాత్రమే, మొత్తం 178 మంది. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకం. 1954 నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటి నెల రోజులు. తెలుగు ఊరు, తెలుగు రాష్ట్రం మధ్యలో ఉంది, కలిపేస్తే పోయేది కదా అనిపిస్తుంది.

కానీ చేతికి వచ్చిందంటే పాలన మాత్రమే. కాగితం మీద యానాం ఇంకా ఫ్రాన్స్‌దే. అప్పగింత ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న జరిగాయి, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం 1962 దాకా రాలేదు. కారణం అల్జీరియా. అక్కడ యుద్ధం నడుస్తుండగా ఒక వలసను ఓటుతో ఇచ్చేస్తే ఇంకో వలసకు ఏం జవాబు చెప్పాలి? అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చిన నెలలోనే యానాం ఫైలు కూడా కదిలింది. ఆగస్టు 16న చట్టబద్ధంగా అప్పగింత పూర్తయింది. అంటే ఎనిమిదేళ్లపాటు భారత్‌కు ఆ ఊరి సరిహద్దు చెరిపే అధికారం పూర్తిగా లేదు. ఆ ఎనిమిదేళ్లలోనే భాషా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అయిపోయింది, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రైలు వెళ్లిపోయాక టికెట్టు చేతికొచ్చినట్టయింది.

అసలు ముడి ఆ ఒప్పందం రెండో అధికరణంలో ఉంది. ఈ ప్రాంతాలకు 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది, దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి అని దాని సారాంశం. ఫ్రెంచివాళ్లు తమ భాషను, సంస్కృతిని దృష్టిలో పెట్టుకుని రాయించుకున్న మాట అనుకోవచ్చు. పాండిచ్చేరిలో అది కొంత ఫలించింది. ఫ్రెంచి జాతీయత ఎంచుకున్న కుటుంబాలవాళ్లు అక్కడ ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. యానాంలో ఫ్రెంచి మాట్లాడేవాళ్లను వెతుక్కోవాలి. వాళ్లు వదిలి వెళ్లింది భాషను కాదు, హోదాను.

ఆ హోదా విలువ 1979 జనవరిలో తెలిసింది. ఈ నాలుగు ముక్కలనూ పక్క రాష్ట్రాల్లో కలిపేద్దామని మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆలోచన చేసింది. యానాం ఆంధ్రకు, మాహే కేరళకు, మిగతా రెండూ తమిళనాడుకు. పాండిచ్చేరి భగ్గుమంది. ఊరేగింపులు, దహనాలు, పోలీసు కాల్పులు. ఢిల్లీ వెనక్కి తగ్గింది, మళ్లీ ఏ ప్రభుత్వమూ ఆ తేనెతుట్టె కదపలేదు.

కదపకపోవడానికి కారణం యానాంలో ఎవరినడిగినా లెక్క కట్టి చెబుతారు. ఆంధ్రాలో ఒక ఎమ్మెల్యేకు సుమారు రెండు లక్షల ఓటర్లు. యానాంలో నలభై వేలు కూడా లేని ఓటర్లకు ఒక ఎమ్మెల్యే. ఎమ్మెల్యే మీ వీధి మలుపులో కనబడతాడు, పని కాకపోతే నిలబెట్టి అడగొచ్చు. పుదుచ్చేరి అసెంబ్లీలో ఎన్నికయ్యే సీట్లు ముప్పై మాత్రమే కాబట్టి ఆ ఒక్క సీటుకూ బరువుంటుంది. 2021లో మాజీ ముఖ్యమంత్రి ఎన్.రంగస్వామి అంతటివాడు తన సొంత సీటుతో పాటు యానాంలో కూడా నిలబడ్డాడు. గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్రుడి చేతిలో వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడిపోయాడు. తట్టాంచావడిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడనుకోండి, అది వేరే సంగతి. ఆంధ్రాలో కలిస్తే యానాం ఒక నియోజకవర్గంలో ఒక మండలం అవుతుంది. ఇంకా పన్ను తేడాతో మందు చవక. పెళ్లిళ్ల కాలంలో గీత చేసిన పనే ఇప్పుడు ఆ షాపులు చేస్తున్నాయి.

హోదాకు ఖర్చు కూడా ఉంది. పుదుచ్చేరి అధికార భాష తమిళం, యానాంలో తెలుగు వాడుకోవచ్చని 1965 చట్టం వెసులుబాటు ఇచ్చింది. అయినా పెద్ద ఫైలు ఏదైనా బంగాళాఖాతం వెంట రాష్ట్రం రాష్ట్రమే దాటి వెళ్లి సంతకమై రావాలి. ఇది వరద రోజుల్లో బాగా తెలుస్తుంది. 1986 ఆగస్టులో, మళ్లీ 2022 జూలైలో గోదావరి పొంగి యానాం వీధుల్లోకి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారన్న అంకె చెప్పేది ఆంధ్రా అధికారులు. నీట మునిగినవాళ్లకు సాయం మంజూరు కావాల్సింది పుదుచ్చేరిలో. పక్కవీధిలాంటి నీలపల్లిలో అదే నీరు, వేరే రాష్ట్రం, వేరే పరిహారం.

నవంబరు 1న గీతకు ఆవల రాష్ట్ర అవతరణ దినం, ఈవల యానాంలో విమోచన దినం. ఒకే రోజు, రెండు పేర్లు. ఒప్పందంలో రాసిన 'ప్రజల అభిప్రాయం' మాటకొస్తే, చందర్‌నగర్ వాళ్లకు 1949లో దొరికిన బ్యాలెట్టు కాగితం యానాం ఓటరు చేతికి ఇప్పటిదాకా రాలేదు. వస్తే ఏ గుర్తు మీద ముద్ర పడుతుందో మంగళవారం సంతలో ఎవరినడిగినా నవ్వి ఊరుకుంటారు.