గూడ్స్ బండికి ఎంతమంది కావాలి? అపోహలు - వాస్తవాలు

గేటు దగ్గర నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లు చాలామంది. ఇంజిన్‌లో ఎంతమంది ఉన్నారో చూసేవాళ్లు తక్కువ. గూడ్స్ లోకో పైలట్‌గా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: అసిస్టెంట్ లోకో పైలట్ తోడుకే.

రైల్వే జనరల్ రూల్స్ 4.20 ప్రకారం, ప్రత్యేక ఆదేశాలు ఉంటే తప్ప, అసిస్టెంట్ ఎక్కకుండా ఇంజిన్ రన్నింగ్ లైన్ మీద కదలకూడదు. ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరం చూసి, చెయ్యి చాపి, గట్టిగా చెప్పుకుంటాం. కొత్తవాళ్లకు మొదట్లో నవ్వొస్తుంది. తెల్లవారుజామున మూడింటికి రాదు.

అపోహ: కునుకు పడితే మెషీనే చూసుకుంటుంది.

నిమిషం పాటు మేం ఏ మీటా ముట్టకపోతే విజిలెన్స్ పరికరం లైటు వెలిగిస్తుంది, తర్వాత బజర్ మోగిస్తుంది, అప్పటికీ నొక్కకపోతే బ్రేకులు వేస్తుంది. మంచిదే. కానీ ముందున్న సిగ్నల్ ఎరుపో పచ్చో దానికి తెలియదు.

అపోహ: ఈఓటీటీ (ఎండ్ ఆఫ్ ట్రైన్ టెలిమెట్రీ అనే పెట్టె) వచ్చాక గార్డుతో పనిలేదు.

(2022 జనవరి నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మా నోటికి ఇంకా గార్డే.) చివరి వ్యాగన్‌కు తగిలించే ఆ పెట్టె, తోకలో ఎయిర్ ప్రెషర్ ఎంతుందో రేడియోలో ఇంజిన్‌కు పంపుతుంది. ఇంజిన్‌లో చదరపు సెంటీమీటరుకు 5 కిలోలుంటే అక్కడ 4.8 దాకా ఉండాలి. బండి తెగితే వెంటనే తెలుస్తుంది. ఇంతవరకూ దానికి వంక పెట్టను.

ఆ తర్వాతే అసలు పని. 58 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్లంటే 600 మీటర్ల పైమాటే. ఏ పైపు ఊడిందో వెతుక్కుంటూ టార్చితో కంకర మీద నడవాలి. వ్యాగన్లు పక్క లైనుకు అడ్డంపడితే, అవతలి బండిని ఆపడానికి 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్ (పట్టా మీద పెడితే, చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేది), 1200 దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ముందువైపు అసిస్టెంట్ పరిగెత్తితే, వెనకవైపు ఎవరు?

అపోహ: ఆగిన బండికి మనిషెందుకు?

2024 ఫిబ్రవరి 25న జమ్ములోని కఠువాలో నిలిపిన 53 వ్యాగన్ల గూడ్స్, డ్రైవర్ లేకుండానే పంజాబ్‌లోకి 70 కిలోమీటర్లకు పైగా దొర్లిపోయింది. కెనడాలోని లాక్-మెగాంటిక్‌లో 2013 జులైలో ఇలాగే దొర్లిన 72 చమురు ట్యాంకర్ల బండికి ఉన్న సిబ్బంది ఒక్కరే. 47 మంది చనిపోయారు. వ్యాగన్ వ్యాగన్‌కూ వెళ్లి హ్యాండ్ బ్రేకు బిగించడం, చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టడం, గొలుసుతో పట్టాకు కట్టి తాళం వేయడం ఇప్పటికీ చేత్తో చేసే పనులే.