చినుకు పడలేదని బయటే ఉంటున్నారా? పిడుగుల మీద అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్లకు సాయంత్రం పూట వాతావరణ పాఠాలు చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అనే మాట: "ఇంకా చినుకైనా పడలేదు కదండీ, అప్పుడే లోపలికెందుకు?" దీని మీదే క్లాసంతా గడిచిపోయినా నాకు బాధ లేదు. ప్రాణాలు తీసే అపోహ ఇదే.

ఉరుములూ మెరుపులూ తెచ్చే క్యుములోనింబస్ మేఘం 10 కిలోమీటర్లకు పైగా ఎత్తు పెరుగుతుంది. లోపల మంచు పలుకులూ మెత్తటి వడగళ్లూ ఢీకొని విద్యుదావేశం పోగవుతుంది. ఆ మేఘం నుంచి బయల్దేరిన మెరుపు, వాన కురిసే చోటికి 10 కిలోమీటర్ల అవతల కూడా నేలను తాకగలదు. ఉరుము మామూలుగా వినపడేది సుమారు 15 కిలోమీటర్ల లోపే. కాబట్టి ఉరుము చెవిన పడిందంటే పిడుగుకు మీరు అందేంత దూరంలో ఉన్నారు. చెట్టు కిందకి కాదు, పక్కా భవనంలోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

చెప్పేవాణ్ణే అయినా నేనూ తప్పు చేశాను. మొదట్లో ఒకసారి మేఘం చూపిద్దామని అందరినీ మేడ మీదికి తీసుకెళ్లాను. ఉరిమింది. "దూరంలే" అన్నాను. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దావిడ "మొన్న మీరే కదా చెప్పారు" అంటూ మెట్లు దిగిపోయింది. మిగతావాళ్లూ ఆమె వెనకే. చివరికి నేనూ దిగాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సెల్‌ఫోన్ పిడుగును లాగదు, ఆ ఫార్వర్డులు ఇక ఆపండి. కారులో కాపాడేది రబ్బరు టైర్లు కాదు, చుట్టూ ఉన్న లోహపు బాడీ. పడిన చోటే పిడుగు మళ్లీ పడొచ్చు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు; ఒంట్లో కరెంటేమీ మిగలదు. శ్వాస ఆగితే వెంటనే సీపీఆర్ (ఛాతీ మీద నొక్కుతూ, నోటితో శ్వాస అందించే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి.

ఉరిమితే వణికిపోయేవాళ్లను చూసి నవ్వకండి. మా క్లాసులో ఒకావిడ దిండు కింద తల పెట్టుకునేది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి, 3తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయని నేర్పాను. ఇప్పుడు కిటికీకి దూరంగా కూర్చుని ఆ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. టెన్షన్ పూర్తిగా పోలేదట. కానీ సెకన్లు పెరుగుతుంటే మేఘం దూరమవుతోందని తనకు తానే చెప్పుకుంటుందట.