కంట్లో పెట్టేది మూలకణాన్ని కాదు

రెటీనా (కంటి లోపలి వెనక పొర) జబ్బుతో చూపు తగ్గుతున్నవాళ్ల ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మాటే ఇది: "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చూపు తిరిగొస్తుందట." ఆ ఆశ ఊరికే పుట్టింది కాదు, దాని వెనక ఎన్నో ఏళ్ల గట్టి పరిశోధన ఉంది. కాకపోతే ఆ మాటలో ఒక పొరపాటు ఉంది. ఇక్కడ చెప్పబోయే ప్రయోగాల్లో కంట్లో పెట్టింది స్టెమ్ సెల్స్‌ని, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాల్ని కాదు, వాటిని ల్యాబ్‌లో నెలల తరబడి పెంచి రెటీనా కణాలుగా మార్చాక, ఆ మారిన కణాల్ని. ఈ తేడా తెలియక, ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రెటీనాలో వెలుగును పట్టేవి రాడ్ కణాలు, కోన్ కణాలు. వీటికి వెనకాల, ఒకే ఒక్క కణం మందంతో ఇంకో పొర ఉంటుంది, పేరు రెటినల్ పిగ్మెంట్ ఎపిథీలియం, పొట్టిగా ఆర్‌పీఈ. మైక్రోస్కోప్‌లో చూస్తే గోధుమరంగు తేనెపట్టులా ఉంటుంది, ఆరు పలకల గళ్లు సందు లేకుండా ఒకదాన్నొకటి అంటుకుని. ఈ పొర చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. రాడ్ కణం వెలుగు పట్టే కొసలో రోజూ దాదాపు పదో వంతు రాలిపోతుంది, ఆ రాలిన ముక్కల్ని మింగి అరిగించుకునేది ఆర్‌పీఈ కణాలే, వెలుగు తగిలి రూపు మారిన విటమిన్-ఎ పదార్థాన్ని మళ్లీ సరిచేసి పంపేదీ, వెనకున్న రక్తనాళాల నుంచి ఆహారం అందించేదీ అవే. ఇంతా చేసి, పెద్దయ్యాక ఇవి మామూలుగా విభజన చెందవు. చచ్చిన కణం చోట కొత్తది రాదు. వయసు పైబడ్డాక వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) క్షీణతలో ముందు దెబ్బతినేది ఎక్కువగా ఈ పొరే, దాన్ని నమ్ముకున్న రాడ్లు, కోన్‌లు తర్వాత పోతాయి.

అందుకే శాస్త్రవేత్తలు ముందు దీని మీదే పడ్డారు. కొత్త ఆర్‌పీఈ కణం మెదడుతో నరాల కనెక్షన్ పెట్టుకోనక్కర్లేదు, సరైన చోట సరైన వైపు తిరిగి కూర్చుంటే చాలు.

2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా ఎలుక చర్మ కణాల్ని నాలుగు జన్యువులతో మూలకణాల్లాంటివిగా వెనక్కి మార్చాడు, మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2014 సెప్టెంబరులో జపాన్‌లోని కోబేలో మసాయో తకహాషి బృందం ఒక పెద్దావిడ చర్మ కణాల్నే అలా వెనక్కి మార్చి, వాటి నుంచి ఆర్‌పీఈ పొర పెంచి ఆవిడ కంట్లో పెట్టింది. ఏడాది తర్వాత చూపు పెరగలేదు, తగ్గనూ లేదు. రెండో రోగికి సిద్ధం చేసిన కణాల్లో జన్యు మార్పులు కనబడితే ఆ కణాలు పెట్టకుండా ఆపేశారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ ఆపడమే, ఎందుకంటే అదుపు తప్పిన కణం కణితి కావచ్చు.

లండన్‌లో పిండ మూలకణాల నుంచి తయారుచేసిన 6 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పున్న ప్యాచ్‌ను ఇద్దరికి, ఒక్కో కంట్లోనే పెట్టారు. రెటీనా కింద ద్రవం పంపి చిన్న బుడగలా లేపి, ఆ సందులోంచి ప్యాచ్‌ను లోపలికి జారవిడిచారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాదిలో ఒకరు చార్టు మీద 29 అక్షరాలు, ఇంకొకరు 21 అక్షరాలు అదనంగా చదవగలిగారు. ఇద్దరితో తేలిపోయే విషయం కాదనుకోండి, అయినా పేజీ చదవలేని మనిషి మళ్లీ చదవడమంటే మాటలు కాదు.

రెటినైటిస్ పిగ్మెంటోసా అనే ఇంకో రెటీనా జబ్బు సంగతి ఇంకా కష్టం. అందులో పోయేది వెలుగు పట్టే కణాలే, కొత్తవి పెడితే అవి మిగిలిన నరకణాలతో కలిసి మెదడుకు కబురు పంపాలి. 2020లో కోబేలో మూలకణాల నుంచి పెంచిన అలాంటి రెటీనా ముక్కలు ఇద్దరికి అమర్చారు, రెండేళ్ల తర్వాత కూడా అవి లోపల బతికే ఉన్నాయి. చూపు రావడానికి ఇంకా చాలా దారి ఉంది.

ఇక ఆ పొరపాటు సంగతి. అమెరికాలో మాక్యులా జబ్బున్న ముగ్గురు ఆడవాళ్లకు ఒక క్లినిక్‌లో వాళ్ల కొవ్వులోంచి తీసిన కణాల్ని "స్టెమ్ సెల్స్" పేరుతో రెండు కళ్లలోనూ ఒకే రోజు ఇంజెక్ట్ చేశారు. కొవ్వు కణజాలం నుంచి తీసినవి కంట్లో పడినంత మాత్రాన ఆర్‌పీఈగా మారిపోవు. రక్తస్రావమై, రెటీనా ఊడి, ముగ్గురి చూపూ బాగా దెబ్బతింది, డాక్టర్లు 2017లో దీన్ని వైద్య పత్రికలో బయటపెట్టారు. వాళ్లు డబ్బు కట్టి మరీ ఈ చికిత్స చేయించుకున్నారు.

కాబట్టి మీవాళ్లెవరికైనా ఇలాంటి ఆఫర్ వస్తే మొహమాటపడకుండా అడగండి: ఎక్కించేది ఏ కణం, ఎక్కడి నుంచి తీశారు, రెటీనా కణంగా మారిందని ఎలా పరీక్షించారు, రెండు కళ్లకీ ఒకేసారి ఎందుకు, ప్రయోగమైతే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు. సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.