పడవకి కెప్టెన్‌గా ఎవరిని పెడతారు?

అమ్మలుకీ, చిన్నోడికీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ పోట్లాడుకుని నన్ను తీర్పు చెప్పమన్నారు. "ఆ నాయకుడు నిజాయితీపరుడు, అది చాలదా?" అని అమ్మలు. "నిజాయితీ ఉంటే సరిపోతుందా, పని తెలియొద్దూ?" అని చిన్నోడు. అమ్మలుకి ఇదే మొదటి ఓటు. చిన్నోడికి ఓటు రావడానికి ఇంకా మూడేళ్ళుంది, వాదనలో మాత్రం వాడిదే పైచేయి. ఇద్దరూ నన్ను మాట్లాడనిస్తే కదా! అందుకే ఈ ఉత్తరం. ఎవరికి వెయ్యాలో మాత్రం చెప్పను. మీ అమ్మకే ఎప్పుడూ చెప్పలేదు.

ముందు ఒక ఆట సంగతి చెప్తాను. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లలకి రెండేసి ఫొటోలు చూపించి, "మీరు పడవలో చాలా దూరం వెళ్ళాలి. ఈ ఇద్దరిలో ఎవరిని కెప్టెన్‌గా పెట్టుకుంటారు?" అని అడిగారు. ఆ ఫొటోల్లోని వాళ్ళు 2002లో ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేసినవాళ్ళు. ఆ సంగతి పిల్లలకి తెలియదు. అయినా పిల్లలు వేలు పెట్టి చూపించిన మనిషే దాదాపు 71 శాతం సార్లు ఆ ఎన్నికలో గెలిచాడు. ఈ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి.

ఇది చదివి చిన్నోడు "చూశావా, పిల్లలకి అంతా తెలుసు" అంటాడు, నాకు తెలుసు. అది కాదురా. పిల్లలు పెద్దవాళ్ళలా తెలివిగా ఆలోచించారని కాదు, పెద్దవాళ్ళే పిల్లల్లా ముఖం చూసి ఎంచుకుంటున్నారేమో అని అనుమానించాలి. గట్టి దవడ, స్థిరమైన చూపు కనపడితే చాలు, 'వీడు సమర్థుడు' అని మన కళ్ళు క్షణంలో తేల్చేస్తాయి. ఆ తర్వాత మన బుర్ర చేసే పనల్లా, కళ్ళు చెప్పినదానికి కారణాలు వెతకడమే.

నేనేమైనా తక్కువ తిన్నానా? నా మొదటి ఓటు ఒక గొంతుకి వేశాను. అవును, గొంతుకే. ఆయన మైకులో మాట్లాడుతుంటే ఒళ్ళు గగుర్పొడిచేది. సభ నుంచి ఇంటికొచ్చాక మీ తాతయ్య "ఏం చెప్పాడు?" అని అడిగారు. ఒక్క ముక్క గుర్తు లేదు. "బాగా చెప్పాడు" అన్నాను.

ఇక మీ గొడవకి వస్తాను. మంచితనమా, సమర్థతా? దీనికి సమాధానం నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఆఫీసులో దొరికింది.

నేను పెన్షన్ సెక్షన్లో ఉన్నప్పుడు ఒక పెద్దాయన మాకు అధికారిగా ఉండేవారు. దేవుడిలాంటి మనిషి అని అందరూ అనేవాళ్ళు. పైసా ముట్టేవారు కాదు, గొంతు పెంచి ఎరగరు. ఒకామె భర్త పోయాక వచ్చే పెన్షన్ కోసం తిరుగుతుండేది. చేతిలో గుడ్డసంచి, అందులో కాగితాలు. ఆయనే లేచి కుర్చీ వేసేవారు, పిల్లల చదువులు అడిగేవారు. కానీ ఫైల్లో ఏదో చిన్న తేడా ఉంది. దాన్ని తేల్చాలంటే పై ఆఫీసుతో గట్టిగా ఒక మాట అనాలి. ఆ మాట అనలేక "చూద్దామమ్మా" అని ఫైలు పక్కన పెట్టేవారు. ఆమె పదకొండుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను.

ఆయన బదిలీ అయ్యాక ఇంకొకాయన వచ్చారు. మెరుపు లాంటి మనిషి. పది రోజుల్లో ఆయన టేబుల్ నున్నగా తుడిచినట్టు అయిపోయింది. ఆమెకి ఆ నెలలోనే డబ్బు వచ్చింది. మాకు పండగలా అనిపించింది. ఏడాది తర్వాత ఆడిట్ వాళ్ళు వచ్చి ఒక తప్పు పట్టుకున్నారు. అది ఆయన చేసిన తప్పే. కొత్తగా చేరిన కుర్ర గుమాస్తాని పిలిచి, నోట్ మీద పాత తేదీ వేసి సంతకం పెట్టమన్నారు. ఆ అబ్బాయి పెన్ను పట్టుకున్న చెయ్యి ఎంత వణికిందో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మెమో ఆ అబ్బాయికి వచ్చింది. ఆయనకి ప్రమోషన్ వచ్చింది.

చాలామంది ఈ కథని ఇక్కడితో ఆపి, "చూశారా, ఒకరికి గుణం ఉంది, ఇంకొకరికి పని వచ్చు" అంటారు. తర్వాత జరిగింది కూడా చూడాలి. ఆ రోజు నుంచి ఆయనకి ఎవరూ నిజం చెప్పడం మానేశాం. లెక్కలో తేడా కనపడినా "మనకెందుకు" అని ఊరుకునేవాళ్ళం. ఫైళ్ళు మాత్రం జోరుగా కదిలేవి, తప్పులతో సహా. మొదటాయన సంగతీ అంతే. ఎవరినీ నొప్పించలేకపోవడాన్ని మేము మంచితనం అనుకున్నాం. ఆ గుడ్డసంచి ఆమె వైపు నుంచి చూస్తే అది భయం. అంటే మొదటాయన చేతకానితనం లోపల గుణలోపం ఉంది. రెండోఆయన గుణలోపం ఆయన పనితనాన్నే తినేసింది. ఈ రెండూ తక్కెడలో వేరువేరు తట్టలు కావర్రా. ఒకదాన్ని పురుగు తొలిస్తే రెండోదీ పుచ్చిపోతుంది.

పెద్ద కుర్చీల్లో కూడా ఇదే కథ. అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ చేతగానివాడని శత్రువులు కూడా అనలేరు. 1972లో చైనా వెళ్ళి రెండు దేశాల మధ్య తలుపు తెరిచాడు. ఆ ఏడాది చివర ఎన్నికల్లో 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. కానీ అదే ఏడాది జూన్‌లో, ఎదుటి పార్టీ ఆఫీసులో తన మనుషులు దొంగతనంగా దూరి దొరికిపోతే, వారం తిరక్కుండానే ఆ దర్యాప్తుని అడ్డుకునే పథకానికి సరే అన్నాడు. అది ఆయన గదిలోని టేపుల్లోనే రికార్డయింది. 1974 ఆగస్టులో రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. దొంగతనం వార్త ఓటర్లకి ఎన్నికలకి ముందే తెలుసు. 'పని చేసేవాడు కదా, పోనీలే' అనుకున్నవాళ్ళు వాళ్ళలో ఎంతమందో!

నిక్సన్ గురించి ఇంకో ముచ్చట. 1960లో ఆయన మొదటిసారి అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. అప్పటికి దాదాపు ఎనిమిదేళ్ళుగా ఉపాధ్యక్షుడు, ప్రచారమంతా 'నాకు అనుభవం ఉంది' అనే. ఒక విలేకరి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ని, మీరు తీసుకున్న నిర్ణయాల్లో నిక్సన్ ఇచ్చిన పెద్ద ఆలోచన ఒకటి చెప్పమని అడిగాడు. ఆయన "ఒక వారం టైమిస్తే ఒకటి గుర్తురావచ్చు" అన్నాడు. పాపం, ఎగతాళికి అన్న మాట కాకపోవచ్చు కూడా. కానీ ఆ విలేకరి అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, అది నాకు చాలా ఇష్టం. 'అనుభవం ఉంది' అని ఎవరైనా అంటే 'ఎన్నేళ్ళు?' అని అడక్కూడదు. 'నువ్వు అక్కడ లేకపోతే జరగని పని ఒకటి చెప్పు' అనాలి.

సమర్థత అనగానే 'ఏ పనికి?' అని కూడా అడగాలి. 1945లో బ్రిటన్‌లో ప్రధాని చర్చిల్ అంటే యుద్ధం గెలిపించిన మనిషి. ఎక్కడికెళ్ళినా జనం విరగబడి చూసేవాళ్ళు. జూన్ 4న రేడియోలో మాట్లాడుతూ, ఎదుటి లేబర్ పార్టీ వస్తే హిట్లర్ గెస్టపో లాంటి రహస్య పోలీసు వ్యవస్థ పెట్టాల్సి వస్తుందన్నాడు. ఆ పార్టీ నాయకుడు అట్లీ ఎవరనుకున్నారు? 1940 నుంచి చర్చిల్ యుద్ధ మంత్రివర్గంలో ఉండి, 1942 నుంచి ఉప ప్రధానిగా పనిచేసిన మనిషి. మర్నాడు ఆయన రేడియోలో ఎగిరిపడలేదు. యుద్ధంలో దేశాన్ని నడిపిన గొప్ప నాయకుడికీ, పార్టీ నాయకుడు మిస్టర్ చర్చిల్‌కీ ఎంత తేడా ఉందో మనకి తెలియాలనే ఆయన అలా మాట్లాడినట్టున్నారు అన్నాడు. అంతే! జులై 26న ఫలితాలొస్తే లేబర్ పార్టీ 393 సీట్లతో గెలిచింది. జనం చర్చిల్ చేసిన మేలు మరిచిపోయారని కొందరంటారు. నాకలా అనిపించదు. చప్పట్లు చేసిన పనికి కొట్టారు, ఓటు చెయ్యాల్సిన పనికి వేశారు. ఇళ్ళు, ఉద్యోగాలు, వైద్యం వాళ్ళకి కావలసినవి. అట్లీ ప్రభుత్వం 1948 జులైలో అందరికీ ఉచిత వైద్యం మొదలుపెట్టింది.

తప్పు జరిగినప్పుడు నాయకుడు ఎక్కడ నిలబడ్డాడో చూడండి. గెలిచినప్పుడు అందరూ బాగానే నిలబడతారు. 1956లో ఇప్పటి తమిళనాడులోని అరియలూరు దగ్గర ఘోరమైన రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. రైలు ఆయన నడపలేదు. రాజీనామాని ఆమోదిస్తూ నెహ్రూ కూడా ఇందులో ఆయన తప్పేమీ లేదనే అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత శాస్త్రిగారు ప్రధాని అయ్యారు. మన గుమాస్తా కుర్రాడి మెమో పక్కన ఈ రాజీనామా పెట్టి చూసుకోండి.

ఇంకొకటి, పక్కన ఎవరున్నారో చూడాలి. నాయకుడు ఒక్కడే దేశాన్ని నడపడు. అబ్రహాం లింకన్ 1860లో తన పార్టీలో తనతో అభ్యర్థిత్వానికి పోటీపడిన సీవర్డ్‌ని, ఛేజ్‌ని, బేట్స్‌ని పిలిచి మంత్రుల్ని చేసుకున్నాడు. వాళ్ళు తనకంటే గొప్పవాళ్ళమనుకునే రకం! అయినా పెట్టుకున్నాడు. మీరు చూస్తున్న నాయకుడి చుట్టూ 'కాదు సార్' అనగలిగినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అలా అన్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? నిన్నటిదాకా ఆయనతో పనిచేసి బయటికొచ్చినవాళ్ళు చెప్పేదాంట్లో కోపం తీసేసి మిగిలింది వినండి.

చిన్నోడు పంపించే ఇరవై సెకన్ల వీడియోలు ఇందుకు పనికిరావు. వాటిలో సగం అతికించినవి, మిగతా సగం కత్తిరించినవి. ఎవరైనా పెద్ద ఇంటర్వ్యూ పూర్తిగా చూడండి. ఒకసారి బొమ్మ చూడకుండా వినండి. ఇబ్బంది పెట్టే ప్రశ్న వచ్చినప్పుడు ఆయన దానికి జవాబు చెప్పాడా, ఎదుటి పార్టీని తిట్టాడా అన్నది చెవికి బాగా తెలుస్తుంది. 'ఇది ఇస్తాను' అన్నచోట 'డబ్బు ఎక్కణ్ణుంచి?' అని అడిగినప్పుడు ఏం చెప్పాడో అక్కడ రెండుసార్లు వెనక్కి తిప్పి వినండి. ఇంట్లో ఎలాంటి భర్త, ఎన్ని గంటలు నిద్రపోతాడు లాంటివి నాకైతే అక్కర్లేదు.

మచ్చలేని మనిషి మాత్రం దొరకడు. ఉన్నవాళ్ళలో ఎవరి తప్పు ఎవరికి దెబ్బ కొడుతుందో చూసుకోవాలి. పద్దు రాయడం చేతకానివాడి తప్పుని పక్కవాళ్ళు దిద్దగలరు. తేదీ మార్చమనేవాడి తప్పుని దిద్దేవాళ్ళుండరు, ఎందుకంటే ముందు వాళ్ళ చేతే సంతకం పెట్టించుకుంటాడు. అమ్మలూ, అందుకని నేను కొంచెం నీ వైపు. మొదటాయన్ని గుర్తు చేసుకుంటే మళ్ళీ చిన్నోడి వైపు.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి ఎన్నికకీ ముందురోజు రాత్రి అందులో ఒక పేజీ రాసుకుంటాను. ఎవరికి వేస్తున్నాను, ఎందుకు, ఆయన ఏం చేస్తాడనుకుంటున్నాను అని. మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు తీసి చదువుతాను. ఒక పేజీలో 'మనిషిని చూస్తేనే తెలుస్తోంది' అని రాశాను. ఐదేళ్ళ తర్వాత దాని పక్కన ఎర్ర ఇంకుతో నేనే 'ఏం తెలిసింది?' అని రాసుకున్నాను. అలాంటి ఎర్ర గీతలు ఇంకా చాలా ఉన్నాయి.

సెలవులకి వచ్చినప్పుడు చూపిస్తాను. అమ్మలూ, నువ్వూ ఒక పేజీ రాసి తీసుకురా. చిన్నోడు ఎర్ర పెన్ను ముట్టుకోకూడదు.

మీ
అమ్మమ్మ