ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాత మంచం దిగకూడదా? అపోహలు - వాస్తవాలు

"అంత పెద్ద ఆపరేషన్ చేసి తెల్లారేసరికి లేపి నడిపిస్తారా? కుట్లు తెగిపోతే ఎవరిది బాధ్యత?" గైనిక్ వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా చేస్తున్నాను. వారం తిరగకుండా ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. అనేది ఎక్కువగా పేషెంట్ కాదు, పక్కనున్న అమ్మో, అత్తగారో, భర్తో. ఆ కోపమంతా భయమేనని తెలుసు కాబట్టి నేను ఎదురు చెప్పను. పేషెంట్‌ని మాత్రం లేపుతాను.

మయోమెక్టమీ, అంటే గర్భసంచిని ఉంచి అందులో పెరిగిన ఫైబ్రాయిడ్ కణితుల్ని మాత్రమే తీసే ఆపరేషన్, చుట్టూ తిరిగే అపోహలన్నిట్లోకీ మనుషుల్ని ఎక్కువ దెబ్బతీసేది ఇదే: కదలకుండా పడుకుంటే కుట్లు త్వరగా మానతాయని. కుట్లు మానేది వాటి లెక్క ప్రకారమే, పడుకుంటే ఒక్కరోజు కూడా ముందు మానవు. పడుకున్నందుకు నష్టపోయేది కాళ్లూ ఊపిరితిత్తులూ. ఆపరేషన్ తర్వాత రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టేది పిక్క కండరాలు, అవి కదలకపోతే రక్తం సిరల్లో నిలిచిపోయి గడ్డకట్టే వీలుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ప్రమాదం డిశ్చార్జ్‌తో పోదు, ఇంటికి వెళ్లాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. వార్డులో బిగుతు మేజోళ్లు వేయడం, అవసరమైనవాళ్లకు రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇవ్వడం, గంటగంటకీ "పాదాలు ఆడించమ్మా" అని పోరడం అందుకే.

ఒకావిడ గుర్తొస్తారు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్, అంతా సవ్యంగా జరిగింది, నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ బాత్రూమ్‌కి తప్ప కాలు కింద పెట్టనివ్వలేదు. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని ఆవిడ మంచినీళ్లు కూడా తగ్గించేశారట. ఒక పిక్క వాచి, పట్టుకుంటే నొప్పిగా ఉంటే "నరం పట్టేసింది" అనుకుని రెండు రోజులు నూనె రాసుకున్నారు. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్‌లో రక్తపు గడ్డ కనబడింది. ఆ తర్వాత నెలల పాటు మందులు. ఇంట్లో తనని అంత బాగా చూసుకున్నవాళ్ల ముందు ఆవిడ ఏడవలేక ఏడ్చిన తీరు నేను మర్చిపోలేదు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకి ఎవరూ సరిగా చెప్పలేదు.

మరి కుట్ల మాటేమిటి? గర్భసంచి గోడను పొరలు పొరలుగా, కరిగిపోయే దారంతో కుడతారు. మెల్లగా నడిస్తే వాటి మీద పడే ఒత్తిడి చాలా తక్కువ. గట్టిగా దగ్గినా, మోషన్ రాక ముక్కినా పొట్టలో పుట్టే ఒత్తిడి అంతకంటే ఎంతో ఎక్కువ. కదలకపోతే మలబద్ధకం, మలబద్ధకం ఉంటే ముక్కడం. పడుకుని కాపాడదామనుకున్న కుట్ల మీదే చివరికి భారం పడుతుంది.

లేవడానికి ఒక పద్ధతి ఉంది. వెల్లకిలా ఉన్నవాళ్లు నేరుగా లేవబోతే పొట్ట కండరం బిగుసుకుని ప్రాణం పోయినట్టవుతుంది. ముందు మోకాళ్లు మడవండి. నడుమూ భుజాలూ ఒకేసారి కదిలేలా పక్కకి తిరగండి. కాళ్లు మంచం కిందికి వదులుతూ, మోచేత్తో, రెండో అరచేత్తో పరుపుని నొక్కి లేచి కూర్చోండి. కళ్లు తిరగకుండా ఓ నిమిషం అలాగే ఉండి, అప్పుడు నిలబడండి. దగ్గు, తుమ్ము వస్తే దిండుని పొట్టకి అదిమి పట్టుకోండి. మొదటిసారి ఇలా లేచిన ప్రతి పేషెంట్ ముఖంలో "అయ్యో, ఇంతేనా" అన్న ఆశ్చర్యం చూస్తాను.

నొప్పి మాత్రలు మానేయడం దీనికి తోడబుట్టిన అపోహ. "అలవాటవుతాయి, కిడ్నీలు పోతాయి" అని పళ్లు బిగబట్టి ఓర్చుకుంటారు. నొప్పితో లోతుగా ఊపిరి తీయరు, దగ్గరు, నడవరు. మొదటి కొన్ని రోజులు వేళకి వేసుకోవాలనే డాక్టరు రాస్తారు. కిడ్నీ జబ్బు, అల్సర్, ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, మందు మారుస్తారు.

ఇక రెండో వైపు. ల్యాప్‌రోస్కోపీ (పొట్ట కోయకుండా చిన్న గాట్లలోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు పైన ఆ గాట్లే చూసి పది రోజులకే బరువులు ఎత్తేస్తారు. లోపల గర్భసంచికి పడిన కోత చిన్నదేమీ కాదు. నడక ఎంతైనా మంచిదే, బరువులు మాత్రం 4 నుంచి 6 వారాలు వద్దు. భుజం నొప్పికి గుండె అనుకుని హడలిపోతారు పాపం. అది పొట్టలో నింపిన గ్యాస్ వల్ల, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే మాత్రం గ్యాసే అని సరిపెట్టుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నెలసరి ఆగిపోదు, తీసింది ఫైబ్రాయిడ్లని, గర్భసంచి, అండాశయాలు అక్కడే ఉన్నాయి. మొదటి నెలసరి అటూ ఇటూ కావచ్చు. మళ్లీ ఫైబ్రాయిడ్లు వస్తే డాక్టరు సరిగా తీయలేదని కాదు, కొత్తవి పుట్టే అవకాశం ఉంటుంది. తీసినవాటి బయాప్సీ రిపోర్టు తప్పకుండా తీసుకోండి. బ్లీడింగ్ తగ్గింది కదా అని ఐరన్ మాత్రలు ఆపకండి, హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా కొన్నాళ్లు వాడాల్సిందే.

గర్భం విషయం మాత్రం గబగబా దాటలేను. "ఆపరేషన్ అయింది, వెంటనే ప్రయత్నించండి" అని తొందరపెట్టే చుట్టాలకి దయచేసి చెవి ఇవ్వకండి. కోత లోతుని బట్టి సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆగమంటారు. గర్భసంచి లోపలి గది దాకా కోత వెళ్లిందా అని సర్జన్‌ని అడిగి, ఆపరేషన్ నోట్స్ దాచుకోండి. అలా వెళ్లి ఉంటే నొప్పులు మొదలవక ముందే సిజేరియన్ చేయాల్సి రావచ్చు, ప్రసవం చేసే డాక్టరుకి ఆ కాగితం చాలా అవసరం.

మొదటి రెండు రోజుల్లో కొద్దిపాటి జ్వరం ఈ ఆపరేషన్ తర్వాత మామూలే. ఇంటికి వెళ్లాక 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, కుట్ల దగ్గర చీము కారినా, యోనిలోంచి దుర్వాసనతో స్రావం వస్తున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పొట్ట ఉబ్బి వాంతులు ఆగకపోయినా ఫోన్ చేయండి. ఒక కాలే వాచినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా ఫోన్‌తో కూడా ఆగకండి, అర్ధరాత్రయినా సరే నేరుగా ఎమర్జెన్సీకి వచ్చేయండి.